రాతినార: మన నెత్తిన ఉన్న రేకు ఏ రాయిలో పుట్టింది?

నెల్లిమర్లలో నార గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులోనో గెడ్డలోనో ముంచి, అది కుళ్ళాక నడుంలోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచిన చేతులు ఈ చుట్టుపక్కల పేటల్లో ఇంకా ఉన్నాయి. ఆ నారే జూట్ మిల్లుకు పోయి సంచి అవుతుంది. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి కనురెప్పల మీద ఏం పేరుకుని ఉంటుందో ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు.

మన నెత్తి మీద ఇంకో నార ఉంది. అది మొక్క నుంచి రాలేదు, రాయి నుంచి వచ్చింది. తెలుగులో దానికి చక్కటి పేరే ఉంది, రాతినార. ఇంగ్లీషులో ఆస్బెస్టాస్. మనం మాత్రం ‘సిమెంటు రేకు’ అని ఊరుకుంటాం. లోపల నార ఉందన్న సంగతి ఆ పేరులో ఎక్కడా కనబడదు. గోగునార ఎక్కడ పుట్టిందో తెలిసిన మనకి ఈ నార ఎక్కడ పుట్టిందో, ఎలా పుట్టిందో, ఎవరి చేతుల మీదుగా మన వాడ దాకా వచ్చిందో తెలియదు. రేకుల గురించి అధికారులతో మాట్లాడేటప్పుడు మనల్ని నోరు మూయించేది చాలాసార్లు ఈ తెలియకపోవడమే. అందుకని మొదట రాయి సంగతి చూద్దాం.

సర్పెంటైన్ అంటే

సర్పెంటైన్ అనేది ఒక్క ఖనిజం కాదు, ఒక కుటుంబం. పాముకు ఉన్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఆకుపచ్చ మీద ముదురు మచ్చలు, తడిమితే సబ్బుబిళ్ళలాంటి నునుపు. చూస్తే పాము చర్మమే గుర్తొస్తుంది. ఈ కుటుంబంలో ముఖ్యమైనవి మూడు: లిజార్డైట్, యాంటిగొరైట్, క్రిసోటైల్. లిజార్డైట్‌కి ఆ పేరు బల్లి నుంచి వచ్చిందనుకుంటారు గానీ కాదు, ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలో ఉన్న లిజార్డ్ అనే ద్వీపకల్పం నుంచి వచ్చింది. యాంటిగొరైట్ ఇటలీలోని ఒక లోయ పేరు మోస్తోంది. క్రిసోటైల్ అంటే గ్రీకులో బంగారు నార.

మూడింటిలోనూ ఉండేవి దాదాపు అవే సరుకులు: మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్. ఈ చివరి రెండింటిలో కొంత భాగం నీటి రూపం నుంచి వచ్చి రాయి కట్టుబడిలో ఇరుక్కుపోయింది. లెక్క వేస్తే సర్పెంటైన్ బరువులో సుమారు 13 శాతం నీరే. నూరు కిలోల బండలో పదమూడు కిలోల నీళ్ళు. పిండితే రావు, కాలిస్తేనే వస్తాయి.

నీళ్ళు తాగిన రాయి

ఆ నీళ్ళు రాయిలోకి ఎలా పోయాయన్నదే సర్పెంటైన్ పుట్టుక కథ.

మన కాళ్ళకింద భూపటలం ఉంది. దాని అడుగున ప్రావారం ఉంది. ప్రావారం పైభాగంలో ఎక్కువగా ఉండే రాయి పెరిడొటైట్. అందులో ప్రధాన ఖనిజం ఆలివిన్, ఆలివ్ కాయ రంగులో ఉంటుంది. ఆలివిన్ బాగా వేడిగా ఉండే లోతుల్లో నిలకడగా ఉండే ఖనిజం. దాన్ని పైకి తెచ్చి, చల్లార్చి, నీళ్ళు తగిలిస్తే ఆ రూపంలో నిలవలేదు. సముద్రం అడుగున నేల రెండుగా విడిపోయే చోట్ల, కొండలు పుట్టేటప్పుడు పలకలు ఒకదానితో ఒకటి ఒరుసుకునే చోట్ల, ఇలా లోతు రాయి పైకి వస్తుంది. పగుళ్ళ వెంట నీరు దిగుతుంది. ఉష్ణోగ్రత మూడు నాలుగు వందల డిగ్రీలకు తగ్గాక ఆలివిన్ నీటితో కలిసి సర్పెంటైన్‌గా మారడం మొదలవుతుంది. మిగిలిపోయిన మెగ్నీషియం బ్రూసైట్ అనే ఇంకో మెత్తని ఖనిజం అవుతుంది. లెక్కగా చెప్పాలంటే రెండు పాళ్ళ ఆలివిన్, మూడు పాళ్ళ నీరు కలిస్తే ఒక పాలు సర్పెంటైన్, ఒక పాలు బ్రూసైట్.

ఆలివిన్‌లో ఇనుము కూడా కొంత ఉంటుంది. ఆ ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ని లాక్కుని మాగ్నటైట్‌గా మారుతుంది. ఆక్సిజన్ పోయిన నీటి నుంచి హైడ్రోజన్ వాయువు బయటికొస్తుంది. సర్పెంటైన్ బండల మీద నల్లటి చారలు ఉండటం, చాలా బండలు అయస్కాంతాన్ని లాగడం ఇందుకే. భూగర్భశాస్త్రం చదివే పిల్లలు ఫీల్డుకి పోతే ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి. ఎక్కడ పని చేస్తుందో, ఎక్కడ పని చేయదో కింద పులివెందుల దగ్గర చెబుతాను.

ఇంకో మార్పు కంటికి తెలిసేది. నానబెట్టిన సెనగలు తెల్లారేసరికి గిన్నె అంచు దాకా ఉబ్బినట్టు, నీళ్ళు తాగిన ఈ రాయి కూడా ఉబ్బుతుంది. పూర్తిగా మారితే పరిమాణం నలభై శాతం దాకా పెరగొచ్చు. ఉబ్బిన రాయి తనను తానే పగలగొట్టుకుంటుంది. కొత్త పగుళ్ళలోకి మళ్ళీ నీరు దిగుతుంది, మళ్ళీ కొంత రాయి మారుతుంది. ఈ పగుళ్ళను గుర్తుపెట్టుకోండి. క్రిసోటైల్ నార పెరిగేది ఎక్కువగా వాటిలోనే.

ఈ పని ఇప్పటికీ జరుగుతోంది. 2000లో అట్లాంటిక్ సముద్రం అడుగున శాస్త్రవేత్తలు తెల్లటి గోపురాలు చూశారు. కొన్ని అరవై మీటర్ల ఎత్తున్నాయి. దానికి ‘లాస్ట్ సిటీ’ అని పేరు పెట్టారు. కింద రాయి సర్పెంటైన్‌గా మారుతుంటే వచ్చే గోరువెచ్చని క్షార జలం ఆ గోపురాల్లోంచి కారుతుంది. అందులోని హైడ్రోజన్ తిని బతికే సూక్ష్మజీవులు అక్కడున్నాయి. భూమ్మీద తొలి జీవం ఇలాంటి చోటే పుట్టి ఉంటుందన్న వాదన ఒకటి బలంగానే ఉంది. జీవం పుట్టించిందని అనుమానిస్తున్న రాయే ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరి తీస్తోంది. విచిత్రమేమీ లేదు, రెండూ దాని నిర్మాణం వల్లే.

పలక ఎందుకు నార అయింది

సర్పెంటైన్‌లో ప్రతి పొరా నిజానికి అంటుకుని ఉన్న రెండు పొరలు. ఒకటి సిలికా పొర, ఇంకొకటి మెగ్నీషియం పొర. చిక్కు ఎక్కడంటే, మెగ్నీషియం పొర కాస్త పెద్దది, సిలికా పొర కాస్త చిన్నది. రెండు వేర్వేరు కొలతల గుడ్డముక్కల్ని అంచు నుంచి అంచుకు కలిపి కుట్టండి. ఆ గుడ్డ చదునుగా పరుచుకోదు, ఒక పక్కకు ముడుచుకుంటుంది. ఇక్కడా అంతే.

ఈ ఇబ్బందిని కుటుంబంలో ముగ్గురూ మూడు రకాలుగా సర్దుకున్నారు. లిజార్డైట్‌లో అణువులు కొంచెం అటూ ఇటూ జరిగి, కొన్నిచోట్ల అల్యూమినియం వచ్చి చేరి, పొర చదునుగానే ఉంటుంది. యాంటిగొరైట్‌లో పొర కొంతదూరం పైకి వంగి, మళ్ళీ తిరగబడి కిందికి వంగి, అలలు అలలుగా సాగుతుంది. అది ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటే తలెత్తి ఇంటిపై రేకు చూస్తే చాలు, అదే ఆకారం. క్రిసోటైల్‌లో మాత్రం పొర వంగుతూ వంగుతూ చాపలా చుట్టుకుపోతుంది. చుట్ట చుట్టిన ఆ గొట్టం మందం సుమారు ఇరవై అయిదు నానోమీటర్లు, తలవెంట్రుకలో వేల వంతు. పొడవు మాత్రం వేల రెట్లు. ఇలాంటి గొట్టాలు లక్షలు పక్కపక్కన చేరితే అది కంటికి కనిపించే ఒక పోగు. పట్టులా మెరుస్తుంది, వంచితే వంగుతుంది, నేయొచ్చు, నిప్పు అంటుకోదు.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టం. సర్పెంటైన్ అంతా ఆస్బెస్టాస్ కాదు. ఆకుపచ్చ సర్పెంటైన్ పలకలతో గచ్చులు వేస్తారు, బొమ్మలు చెక్కుతారు. అమెరికాలో కాలిఫోర్నియా 1965లో దాన్నే రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది. భయపడాల్సింది చుట్టుకున్న రూపం గురించి, అది విడిపోయి గాలిలో కలిసినప్పుడు.

మన కొండల్లో లేదు, పులివెందులలో ఉంది

నెల్లిమర్ల చుట్టూ, రామతీర్థం కొండల నుంచి పైకి ఏజెన్సీ దాకా, ఈ నార వెతికితే దొరికే చోటు కాదు. తూర్పు కనుమల్లో ప్రధానంగా కనిపించే ఖొండలైట్ ఒకప్పటి బురద. మెగ్నీషియం తక్కువ, అల్యూమినియం ఎక్కువ. పైగా సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట ఈ రాళ్ళు దాదాపు తొమ్మిది వందల డిగ్రీల వేడిని చూశాయి. ఆరేడు వందల డిగ్రీల దగ్గరే సర్పెంటైన్ తన నీటిని వదిలేసి విరిగిపోతుంది. మన జిల్లా నేల ఇచ్చింది మాంగనీసు. గర్భాం, కోడూరు గనులు అందుకే తవ్వారు. అక్కడి వింత రాయికి ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరుతోనే కోడురైట్ అని పేరు పెట్టాడు.

ఆంధ్రప్రదేశ్‌లో రాతినారకు పేరుపడ్డ చోటు కడప జిల్లా పులివెందుల ప్రాంతం. బ్రాహ్మణపల్లి, లింగాల వైపు. అక్కడ సముద్రపు అడుగు నుంచి పైకొచ్చిన పెరిడొటైట్ లేదు. ఆలివిన్ రాయి లేకుండా సర్పెంటైన్ ఎలా పుట్టింది? ఈ ప్రశ్నకు జవాబు చాలా అందంగా ఉంటుంది.

అక్కడ వేంపల్లె డోలమైట్ ఉంది. డోలమైట్ అంటే కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి లాంటిది. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల పొరల మీద పొరలుగా ఏర్పడింది. ఆ జీవులు కట్టుకున్న గుమ్మటాల గుర్తులు ఇప్పటికీ రాతిలో కనిపిస్తాయి. సుమారు 188 కోట్ల ఏళ్ళ కిందట ఈ పొరల మధ్యకి, పుస్తకం పేజీల మధ్యకి చాకు దూర్చినట్టు, కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చింది. గడ్డకట్టి డోలరైట్ పలక అయింది. పులివెందుల దగ్గరి అలాంటి పలకనే పరీక్షించి ఈ వయసు కట్టారు. ఆ వేడికి పక్కనున్న డోలమైట్ ఉడికింది. డోలమైట్‌లోనే చెకుముకి రాయి రూపంలో సిలికా ఉంది, వేడి నీరు ఉంది. మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి సర్పెంటైన్ అయ్యాయి. మిగిలిన కాల్షియం కాల్సైట్‌గా పక్కన కూర్చుంది. బొగ్గుపులుసు గాలి బయటికి పోయింది. తర్వాత వచ్చిన సన్నటి పగుళ్ళలో, పగులు ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా, క్రిసోటైల్ పోగులు దువ్వెన పళ్ళలా నిలబడి పెరిగాయి.

డోలమైట్‌లో ఇనుము చాలా తక్కువ కనుక ఈ నారలోనూ ఇనుము తక్కువ. అయస్కాంతం ఇక్కడ పెద్దగా పని చేయదు. ఇనుము లేని నార విద్యుత్ పరికరాలకు బాగా పనికొస్తుంది కాబట్టి పులివెందుల నారకు ఒకప్పుడు గిరాకీ ఉండేది. 1930లలోనే కౌల్సన్ అనే అధికారి దత్తమండలాల ఆస్బెస్టాస్ మీద భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు పెద్ద నివేదిక రాశాడు. ఇదే వేంపల్లె డోలమైట్‌లో తుమ్మలపల్లె యురేనియం కూడా ఉంది. ఒక్క రాతి పొరకి ఎన్ని గనులో.

నార ఉన్న బండను తవ్వితే సగం పనే అయినట్టు. బండ నుంచి నార వేరు కావాలంటే సుత్తితో కొట్టాలి, చెరగాలి, జల్లించాలి. గోగు లాగా నీళ్ళలో నానబెట్టి ఒలిచే పని కాదిది, పొడి పని. దుమ్ము లేచేది ఇక్కడే. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేసిన సర్వేల్లో గనిలో పనిచేసేవాళ్ళకంటే ఈ మిల్లుల్లో పనిచేసేవాళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు చాలా ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

పులివెందుల లాంటి రాయే, డోలమైట్‌లోకి డోలరైట్ చొచ్చుకొచ్చిన రాయే, అమెరికాలో అరిజోనాలో ఉంది. అక్కడ గ్లోబ్ అనే ఊళ్ళో ఆస్బెస్టాస్ మిల్లు వదిలేసిన పొడి మీద ఇళ్ళ కాలనీ వెలిసింది. సంగతి బయటపడ్డాక 1983లో ఆ స్థలాన్ని దేశంలోని అత్యంత ప్రమాదకర స్థలాల జాబితాలో చేర్చారు. కుటుంబాలన్నిటినీ ప్రభుత్వ ఖర్చుతో వేరే చోటికి పంపి, ఇళ్ళతో సహా ఆ పొడిని పూడ్చేశారు.

అదే 1983లో మన దగ్గర ఏం జరిగిందో చూడండి. జార్ఖండ్‌లో చాయిబాసా దగ్గర రోరో కొండలున్నాయి, హో ఆదివాసీల నేల. అక్కడిది అసలైన పెరిడొటైట్ జాతి రాయి, నీళ్ళు తాగి సర్పెంటైన్ అయింది, క్రోమైట్ కూడా కలిసి ఉంది. 1963 నుంచి ఇరవై ఏళ్ళు క్రిసోటైల్ తవ్వింది హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్. చార్మినార్ రేకుల కంపెనీ అంటే మనకి తేలిగ్గా తెలుస్తుంది. 1983లో గని మూతపడింది. లక్షల టన్నుల వ్యర్థం కొండ మీద అలాగే మిగిలింది. వానకి అది కింది పొలాల్లోకి జారింది. కూలీలుగా పనిచేసిన ఆదివాసీల ఆయాసానికి క్షయ అని పేరు పెట్టి మందులిచ్చిన కథనాలు ఎన్నో వచ్చాయి. అక్కడ ఇళ్ళు ఎవరూ తరలించలేదు. ఆదివాసీ కొండ నుంచి తీసిన నార హైదరాబాద్ పేరున్న కంపెనీ రేకులో కలిసింది. ఆ రేకు ఎవరి ఇళ్ళకు చేరిందో మనకి తెలుసు.

తవ్వడం ఆగింది, తేవడం ఆగలేదు

కేంద్ర ప్రభుత్వం 1986లో ఆస్బెస్టాస్‌కి కొత్త గనుల లీజులు ఇవ్వొద్దంది. 1993లో పాత లీజుల పొడిగింపు కూడా ఆపమంది. కారణం ఆరోగ్యమే. నార ప్రమాదకరమని ఒప్పుకున్నట్టే కదా. కానీ అదే నారను రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకోవచ్చు, రేకు చేయొచ్చు, అమ్మొచ్చు. ఇటీవలి ఏళ్ళలో ఏటా మూడు నుంచి అయిదు లక్షల టన్నుల మధ్య తెస్తున్నాం. ప్రపంచంలో ఇంత కొనే దేశం ఇంకోటి లేదు. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి పూర్తిగా నిషేధించింది. అమెరికా 2024లో క్రిసోటైల్ వాడకాన్ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2017లో నిషేధించినా, బయటి దేశాలకు పంపే దారి తెరిచే ఉంచారు. కెనడాలో ఆస్బెస్టాస్ అనే పేరుతోనే ఒక పట్టణం ఉండేది. 2020లో ఊరివాళ్ళు ఓట్లేసి ఆ పేరే మార్చుకున్నారు.

కంపెనీల వాదన మీరు వినే ఉంటారు: ‘క్రిసోటైల్ తెల్ల ఆస్బెస్టాస్, సర్పెంటైన్ కుటుంబం. ప్రమాదమంతా నీలం, గోధుమ రకాలతోనే, అవి యాంఫిబోల్ కుటుంబం.’ ఇందులో ఖనిజశాస్త్రం నిజమే. క్రిసోటైల్ చుట్టలు ఊపిరితిత్తుల్లో యాంఫిబోల్ సూదులకంటే త్వరగా కరుగుతాయన్నదీ నిజమే. ఆ సగం నిజంతో మిగతాది దాచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్రిసోటైల్‌తో సహా అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారించిన మొదటి వర్గంలోనే పెట్టింది. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా దీనివల్ల వస్తాయి. పీల్చిన రోజుకీ జబ్బు బయటపడే రోజుకీ మధ్య ఇరవై నుంచి నలభై ఏళ్ళు గడవొచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో లారీ నుంచి రేకులు దింపిన కళాసీకి యాభై ఏళ్ళప్పుడు ఆయాసం వస్తే, అప్పటికి ఆ లారీ ఎవరికి గుర్తుంటుంది?

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసు అది. పనివాడి ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిననాటి నుంచి నలభై ఏళ్ళు, లేదా మానేశాక పదిహేనేళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు దాచాలంది. జబ్బు నిర్ధారణ అయినవాళ్ళకు లక్ష రూపాయల పరిహారం అంది. దళిత, కార్మిక సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఈ తీర్పు తప్పకుండా చదవాలి. అయితే దాని చెయ్యి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతుంది. రేకు మోసిన కళాసీ, కోసిన మేస్త్రి, దాని కింద పడుకునే కుటుంబం ఏ ఫ్యాక్టరీ రిజిస్టర్‌లోనూ ఉండరు. ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించాలన్న పిటిషన్‌ను 2011 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పాక నుంచి రేకు దాకా

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వాడల్లో రేకు రావడాన్ని మనం ఒకప్పుడు గెలుపుగానే చూశాం. తాటికమ్మల పాక ఎండాకాలం ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటే వీధి వీధంతా పోయేది. ప్రతి రెండు మూడేళ్ళకీ కమ్మలు మార్చాలి, దానికి అప్పు చేయాలి. నిప్పు అంటని, కురవని, కొనగలిగిన కప్పు ఏదంటే రేకే. పెద్దవాళ్ళ వీధిలో పెంకుటిళ్ళు డాబాలు అయ్యాయి. మన పేటలో పాకలు రేకుల ఇళ్ళయ్యాయి. అందుకని రేకు వేసుకున్నవాళ్ళని తప్పు పట్టే రాతలు చదివితే నాకు కోపమొస్తుంది. తప్పు కొన్నవాళ్ళది కాదు.

ఎంతమంది ఈ రేకు కింద బతుకుతున్నారో, వాళ్ళలో ఏ కులం వాళ్ళు ఎందరో అడిగితే ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. లెక్క పెట్టలేదని కాదు, పెట్టిన తీరు అలాంటిది. 2011 జనాభా లెక్కల్లో ఇంటి కప్పు గురించి అడిగారు. కానీ జింకు రేకు, ఇనుప రేకు, ఆస్బెస్టాస్ రేకు మూడూ కలిపి ఒకే గడిలో వేశారు. షెడ్యూల్డ్ కులాల ఇళ్ళ పట్టిక విడిగా ఉన్నా అందులోనూ అదే గడి. విద్యార్థులెవరైనా ప్రాజెక్టు చేయాలనుకుంటే ఇంతకంటే పనికొచ్చేది ఉండదు. మీ పేటలో ఇల్లిల్లూ తిరిగి ఆ ఒక్క గడిని మూడుగా విడదీయండి.

విడదీయడం ఎలాగో కూడా చెబుతాను. రేకు మీద ఐఎస్ఐ గుర్తు దగ్గర అంకె చూడండి. 459 అని ఉంటే అది ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల ప్రమాణం. 14871 అయితే వేరే నారలు కలిపిన సిమెంటు రేకుల ప్రమాణం. అంకె చెరిగిపోయిన పాత బూడిద రంగు ముడతల రేకైతే ఆస్బెస్టాస్ అనుకునే మసలుకోవడం మంచిది. అందులో క్రిసోటైల్ పాలు సుమారు పదో వంతు, మిగిలిందంతా సిమెంటు, బూడిద.

చెక్కుచెదరని రేకు నుంచి గాలిలోకి వచ్చే నార తక్కువే. సిమెంటు దాన్ని పట్టి ఉంచుతుంది. రంపంతో కోసినప్పుడు, హుక్కుల కోసం డ్రిల్లు వేసినప్పుడు, పగిలినప్పుడు, దశాబ్దాల వానకి పైపొర అరిగి నార తేలినప్పుడు లెక్క మారుతుంది. మన తీరంలో రేకుని పగలగొట్టేది ముఖ్యంగా తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. హుద్‌హుద్ తెల్లారి వీధుల్లో రేకు ముక్కలు మోకాలి ఎత్తున ఉంటే, ఆడవాళ్ళు చీపుళ్ళతో పొడిగా ఊడ్చి పోగులు పెట్టడం చూశాను. ఆ ముక్కలే తర్వాత కోళ్ళగూటికి, దడికి, కాలవ మీద మూతకి, గుంతలు పూడ్చడానికి వెళ్ళాయి. పిల్లలు వాటితో నేల మీద గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడారు. సుద్దముక్కలా గీత పడుతుంది మరి.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. ముక్కల్ని ముందు నీళ్ళతో బాగా తడపాలి. పొడిగా ఊడవకూడదు, ఇంకా చిన్న ముక్కలు చేయకూడదు. ముక్కుకు గుడ్డ చాలదు, సన్నటి దుమ్మును ఆపే మాస్కు కావాలి. మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి మూతి బిగించాలి. పనికి వాడిన బట్టలు ఇంట్లో దులపకుండా విడిగా తడిపి ఉతకాలి. నాచు పట్టిందని పాత రేకును బ్రష్షుతో రుద్దడం అన్నిటికంటే చెడ్డ పని.

సంచులు కట్టాక వాటిని ఎవరు తీసుకెళ్ళాలన్నది మనం అడగాల్సిన ప్రశ్న. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల జాబితాలో ఆస్బెస్టాస్ వ్యర్థం ఉంది. ఫ్యాక్టరీ నుంచి వస్తే దానికి రికార్డు, లారీ, పూడ్చే చోటు ఉంటాయి. అదే నార తుపానుకి మన వీధిలో పడితే మామూలు చెత్త అయిపోతుంది, దాన్ని ఎత్తేది మళ్ళీ మన పారిశుధ్య కార్మికులే. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బియ్యం, కిరోసిన్‌ల జాబితా తయారవుతుంది. ఆ జాబితాలో సంచులు, మాస్కులు, రేకు ముక్కలకు ప్రత్యేక బండి కూడా ఉండాలని పంచాయతీకి, మండలానికి, కాలుష్య నియంత్రణ మండలికి ముందే రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. నష్టపరిహారం లెక్కలో రేకుకి రేకే ఇస్తామంటే ఏ రేకో అడగండి. 14871 అంకె అక్కడ పనికొస్తుంది.

ఆసుపత్రి సంగతి ఒకటి మిగిలింది. చట్టప్రకారం ఆస్బెస్టాసిస్, డాక్టరు దాన్ని గుర్తిస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. గుర్తించాలంటే ముందు పని గురించి అడగాలి. ఓపీ చీటీలో ‘కూలీ’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. ఏడాదిగా దగ్గు, ఆయాసం ఉండి, కళ్ళె పరీక్షలో క్షయ రాని మనిషిని మీరు ఆసుపత్రికి తీసుకెళ్తే, ఏ ఏళ్ళలో ఏ పని చేశాడో, రేకులు కోశాడా, దింపాడా, గోడౌన్‌లో పనిచేశాడా అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ‘కూలీ’ పక్కన అది కూడా రాయమని అడగండి.